బీగిల్ నౌకలో నొక బాలిక

ఇంటిలో పిల్లలు చదువుకొను భూగోళపటము నొకసారి విప్పి దక్షిణ అమెరికా ఖండముయొక్క కొనను జూడుడు. పైన విశాలమై, క్రిందికి బోనుబోను సన్నగిలి, తుదకు కొమ్ము కొనవలె తూర్పువైపునకు వంగిన యాచోట నేల తునకలు తునకలై సముద్రములో చెల్లాచెదరుగా బడియున్నట్లు కనబడును. ఆ ద్వీపముల గుంపునకు తియెర్రా డెల్ ఫ్యూగో యని పేరు. స్పానిషు భాషలో దాని కగ్నిభూమి యని యర్థము. అది యగ్నిపర్వతములవలన వచ్చిన పేరు గాదు. 1520వ సంవత్సరమున మాగెల్లన్ అను నావికుడు ఆ దారిని బోవుచు తీరము పొడవునను మంటలను జూచెను. అవి ఆ దేశపు జనులు చలికి వేసికొన్న మంటలు.

ఆ ద్వీపముల నడుమ తూర్పుపడమరలుగా సుమారు 240 కిలోమీటర్ల పొడవున నొక సన్నని జలమార్గము గలదు. ఇరువైపులను మంచుకొండలు. ఆ కొండల చరియలనుండి దిగివచ్చు హిమానీనదములు నీటి యంచువరకు వచ్చి నీలముగా మెరయుచుండును. దాని పేరు బీగిల్ జలసంధి. ఉత్తరపు టొడ్డున అర్జెంటీనావారి ఉషుఆయా పట్టణమును, దక్షిణపు టొడ్డున నవరీనో దీవిలో చిలీవారి ప్వెర్తో విలియమ్స్ అను చిన్న యూరును గలవు. బీగిల్ అనగా కుందేళ్లను వేటాడు నొక జాతి చిన్న కుక్క. ఆ కుక్క పేరు పెట్టుకొన్న యొక చిన్న తెరచాప యోడవలన నీ జలసంధి కా పేరు వచ్చినది. ఆ యోడను గూర్చి వ్రాసినవారందరును డార్విన్ పండితుని గూర్చి వ్రాయుదురు. అది న్యాయమే. కాని ఆ యోడలో బ్రయాణము చేసిన యొక చిన్న బాలికను గూర్చి మన సోదరీమణులకు జెప్పువారు తక్కువ. ఆమె కథ తెలిసినగాని ఆ యోడ కథ పూర్తిగాదు.

ఓడ యనగానే మనకు మేడవంటి వస్తువు మనస్సున దోచును. బీగి లట్టిది గాదు. 1820వ సంవత్సరము మే నెల 11వ తేదీన లండను సమీపమున థేమ్సు నదియొడ్డున వూల్విచ్ నౌకాశాలలో దానిని నీటిలోనికి దింపిరి. పొడవు 90 అడుగులు, వెడల్పు సుమారు 25 అడుగులు. మోస్తరు గృహస్థు తన యింటిముందు వేయించు పెండ్లిపందిరి యింతకు దీసిపోదు. హెన్రీ పీక్ అను నౌకాశిల్పి గీచిన నమూనానుబట్టి బ్రిటిషు నౌకాదళమువారు ఈ తరగతి యోడలను నూటికి పైగా గట్టిరి. పది ఫిరంగులు మోయవలయును, ఓడ చిన్నది, పైతట్టు నీటికి మిక్కిలి దగ్గరగా నుండెడిది. పెద్ద కెరట మొకటి లోనికి విరుచుకొనిపడిన, ఆ నీరు వెలికి బోవుటకు ముందే రెండవది వచ్చి పడెడిది. పలు నోడ లట్లు మునిగిపోయినందున నావికులు వానికి శవపేటిక లని మారుపేరు పెట్టిరి.

బీగిల్ పుట్టినప్పుడు యుద్ధములు లేవు. అందుచే నైదేండ్లు పనిలేక పడియుండెను. 1825లో దానికి మూడవ కొయ్యస్తంభమును నిలిపి, సముద్రమును గొలుచు పనికి దిద్దిరి. స్పెయిన్ రాజ్యమునుండి విడివడిన దక్షిణ అమెరికా దేశములతో నింగ్లీషువారికి వర్తకము పెరుగుచుండెను. వర్తకపుటోడలకు నమ్మదగిన పటములు కావలసియుండెను. నీటిలోపల రాయి యెచ్చట దాగియున్నదో, లంగరు వేయుటకు మెత్తని యడు గెచ్చట గలదో, తుపానులో దలదాచుకొనుటకు నే మూల మంచిదో పటమున లేకున్న నోడకు నాశమే. తాటికి సీసపుగుండు గట్టి లోతు చూచుట, కొండశిఖరముల కోణములు గొలుచుట, మరల నాలుగు బారలు ముందునకు బోయి అదే పని చేయుట. దీనికే సముద్రపరిశోధన యని గొప్పపేరు. వానలో, మంచులో సంవత్సరములకొలది చేయు చాకిరి యది.

1826 మే నెలలో బీగిల్ ప్లిమత్ రేవు విడిచి, అడ్వెంచర్ అను పెద్దయోడకు తోడుగా అగ్నిభూమికి బోయెను. దానికి నాయకుడు ప్రింగిల్ స్టోక్స్. ఆ పడమటి తీరమున ఎండ యన్నది యరుదు. రెండేండ్లు వానయు, గాలియు, రోగముతో మంచము పట్టిన నావికులును తప్ప వేరేమియు జూడక యాయన మనస్సు విరిగిపోయెను. 1828 ఆగస్టున, కరవురేవు అని యర్థము వచ్చు పేరుగల యొక రేవులో, దన గదియం దాయన తుపాకితో గాల్చుకొని, కొన్ని దినములు బాధపడి మరణించెను. ఆ సంవత్సరము చివర రియో డి జనైరోలో నోడ నాయకత్వమును రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అను యువకున కిచ్చిరి. ఆతని వయస్సప్పుడు 23 సంవత్సరములు. గొప్ప యింటి బిడ్డ, చదువరి, దైవభక్తుడు, పట్టినపట్టు విడువనివాడు, కోపిష్ఠి. మేలుచేయవలెనను కోరికయు, తాను తలచినదే మేలను నమ్మకమును ఆతనిలో సమానముగా నుండెను. మన కథకంతకు నీ రెండు గుణములే మూలము.

1830 ఫిబ్రవరిలో నొకరాత్రి ఆ దీవులవా రోడకు జెందిన యొక పొడవాటి పడవను దొంగిలించుకొని పోయిరి. ఆ పడవలో వచ్చిన నావికులు దిక్కులేక చెట్లకొమ్మలను బుట్టవలె నల్లి, దానిపై తెరచాపగుడ్డ కప్పి, లోపల బంకమన్ను మెత్తి, ఆ బుట్టలో ముగ్గురు తెడ్లు వేసికొనుచు నోడకు జేరి సంగతి చెప్పిరి. పోయిన పడవకొరకు ఫిట్జ్‌రాయ్ వారములకొలది దీవులన్నియు వెదకెను. దొంగ లెవరో తెలియక, దొరికిన కుటుంబములను బట్టి యోడలో నుంచెను. పడవ దెచ్చి యిచ్చిన మనుష్యులను విడుతు ననెను. ఒకరాత్రి ఆ బందీలు సముద్రములో దుమికి యీదుకొని పోయిరి. ముగ్గురు చిన్న బాలికలు మాత్రము మిగిలిరి. వారిలో నిద్దరిని వారి జనులకు జేర్చిరి. మూడవది నవ్వుచు నాడుచు నావికులతో గలిసిపోయినందున, నాయకు డామెను విడువక యుంచుకొనెను. ఆమెకు సుమారు తొమ్మిదేండ్లు. ఆమె తల్లి పెట్టిన పేరు యొక్‌కుష్లు. ఓడవారు ఆ బుట్టపడవ జ్ఞాపకార్థము ఫ్యూజియా బాస్కెట్ అని పిలిచిరి. అగ్నిభూమి బుట్ట యన్నమాట! పిల్లకు బెట్టవలసిన పేరేనా యిది?

ఆమెకు తోడు మరి మువ్వురు. ఇరువదియారేండ్ల యొక బలశాలికి అచ్చటి కొండరాతి పేరుతో యార్క్ మిన్‌స్టర్ అని పేరు పెట్టిరి. పోయిన పడవ గుర్తుగా ఒక యువకునకు బోట్ మెమొరీ యనిరి. నాలుగవవాడు సుమారు పదునాలుగేండ్ల బాలుడు ఒరుందెలికో. ఆతనిని మే నెలలో నొక దోనెలోనుండి తీసికొని, బదులుగా నొక ముత్యపుచిప్ప బొత్తామును దోనెలోని పెద్దవాని చేతిలో బెట్టిరి. అందుచే నాతడు జెమీ బటన్ ఆయెను. ఆ బొత్తాము తీసికొన్నవారు పిల్లవానిని శాశ్వతముగా నిచ్చితి మనుకొనిరో, కొంచెముసేపు చూచి వత్తు రనుకొనిరో తనకు దెలియదని ఫిట్జ్‌రాయే తరువాత వ్రాసికొన్నాడు. వారిని ఇంగ్లండునకు గొనిపోయి చదువు చెప్పించి, వ్యవసాయమును, మంచి నడవడియు నేర్పి, మరల వారి దేశములో దిగవిడిచిన, వారివలన తక్కినవారును బాగుపడుదురని యాతని యూహ. ఖర్చంతయు దనదే. దురుద్దేశము లేశమైనను లేదు. కాని ఆ బాలికను గొనిపోవునప్పుడు ఆమె తల్లిదండ్రుల యనుమతి నడిగినవారు లేరు.

ఆ బాలిక పుట్టిన జీవన మెట్టిదో కొంచెము చెప్పవలెను. ఆమెయు యార్కును కవేస్కర్ జాతివారు. జెమీ యాగన్ జాతివాడు. ఉభయులును నీటిమీద బ్రదుకువారే. చెట్టు బెరడును కుట్టి చేసిన దోనెలో సంసారమంతయు నుండును. దోనె నడుమ మట్టిగడ్డలు పరచి దానిపై నిప్పు పెట్టుకొందురు. ఆ నిప్పును వానలో గాలిలో నారిపోకుండ కాచుట పిల్లల పని. మగవాడు ముందు బల్లెముతో నిలిచి నీటికుక్కలను గొట్టును. తెడ్డు వేయుట స్త్రీ పని. ఒడ్డు చేరినపిదప మగవాడు దిగిపోగా, దోనెను లోతునీటికి గొనిపోయి సముద్రపు పాచితీగెలకు గట్టి, మంచువంటి నీటిలో నీదుకొని యొడ్డు చేరుటయు నామె పనియే. యాగన్ జాతిలో నీత వచ్చినది స్త్రీలకే. చంటిబిడ్డల తల్లులు గూడ ఆ చన్నీటిలో మునిగి గుల్లచేపలను బెరికి తెచ్చెడివారు. ఒంటికి నూనెకొవ్వు పూసికొనుటయే వస్త్రము. ఇంతటి పనిమంతురాండ్రను జూచి డార్విన్ వీరు మనుష్యులలో గడపటి మెట్టువారని వ్రాసినాడు. వారి భాషలో మాటలు కొలదియే యని గూడ నాతడు తలచెను. తరువాత థామస్ బ్రిడ్జెస్ అను మతబోధకుడు వారి నడుమ నివసించి యాగన్ భాషకు నిఘంటువు గూర్చగా, అందు 32,000 మాటలు చేరినవి! ఆ భాషను దల్లిపాలతో నేర్చినవారిలో చివరియామె క్రిస్టినా కాల్డెరాన్. ఆ వృద్ధురాలు తన 93వ యేట 2022 ఫిబ్రవరిలో గతించినది.

ఓడ 1830 అక్టోబరులో నింగ్లండు చేరెను. మశూచికి టీకాలు వేయించినను, బోట్ మెమొరీ ఆ రోగముతోనే నవంబరులో ప్లిమత్ ఆసుపత్రిలో జనిపోయెను. మిగిలిన మువ్వురిని లండను దాపున వాల్తమ్‌స్టో గ్రామములో నొక మతగురువు సాయమున శిశుపాఠశాలలో జేర్చిరి. ఇరువదియారేండ్ల యార్కు పసిపిల్లల నడుమ గూర్చుండి అక్షరములు దిద్దవలసివచ్చెను. ఆతనికి మొగము మాడ్చుకొనుట దక్క గత్యంతరము లేదు. జెమీకి అద్దమన్నను, మెరుగుపెట్టిన జోళ్లన్నను, చేతితొడుగు లన్నను ప్రాణము. బాలిక చురుకైనది. విన్నమాట విన్నట్లు పట్టుకొనెడిది.

1831 వేసవిలో నాలుగవ విలియము రాజును, అడిలెయిడ్ రాణియు వారిని సెయింట్ జేమ్స్ కోటకు బిలిపించుకొనిరి. రాణి కా పిల్లను జూడగానే ముద్దు వచ్చెను. ఆమె లోపలికి బోయి తన టోపీ నొకదానిని దెచ్చి స్వహస్తములతో బాలిక తలపై బెట్టెను. తన వ్రేలియుంగరము నొకటి తీసి యామె వ్రేలికి దొడిగెను. దేశమునకు బోవునాడు బట్టలు కొనుక్కొమ్మని ధనమిచ్చెను. రాణికి గలిగిన యాడుబిడ్డలు పసితనముననే పోయిరని యెఱిగినవారి కీ చిన్న సంగతి చదువునప్పుడు మనస్సు చివుక్కుమనును.

పిల్లలను దిగవిడుచుటకు నౌకాదళమువారు మొదట నోడ నీయలేదు. అప్పుడు ఫిట్జ్‌రాయ్ సొంతధనముతో నొక వర్తకుని యోడను కుదుర్చుకొనెను. పిమ్మట నాతని పినతండ్రి పలుకుబడివలన బీగిలే మరల బయలుదేర నాజ్ఞ యాయెను. పొడవాటి యాత్ర, తనతో సమానముగా మాటాడ నొక చదువుకొన్నవాడు కావలెనని నాయకుడు వెదకగా, 22 ఏండ్ల చార్లెస్ డార్విన్ దొరకెను. లోకమునకు జీవపరిణామ సిద్ధాంతమును దెచ్చిన ప్రయాణ మిట్లు ముగ్గురు పరాయిబిడ్డలను వారి యిండ్లకు జేర్చవలెనను ప్రయత్నములో బుట్టినది.

ఈ రెండవ యాత్రకు ఫిట్జ్‌రాయ్ ఓడను గుల్లగుల్లగా విప్పించి బాగుచేయించెను. పైతట్టును ముందువైపున నొక యడుగు, వెనుకవైపున ఎనిమిదంగుళములు ఎత్తించెను. అందువలన లోపల తల కొట్టుకొనుట తగ్గుటయే గాక, కెరటముల నీరు తట్టుపై నిలుచుటయు దగ్గెను. కొయ్యస్తంభములకు పిడుగులనుండి రక్షణగా రాగిపట్టీలు బిగించిరి. వేళ తెలియుటకు 22 గడియారములు తెచ్చిరి. అందారు నాయకుని సొంతవి. ఇన్ని గడియారము లెందులకని యడుగుదురేమో! భూమి గంటకు 15 భాగములు తిరుగును గదా. మనమున్నచోటి మధ్యాహ్నమునకు, ఇంగ్లండులోని వేళకు గల భేదము తెలిసిన నెంతదూరము తూర్పునకో పడమరకో వచ్చితిమో లెక్క తేలును. ఒక గడియారము తప్పిన తక్కినవానితో సరిచూచుకొనవచ్చును. వానికి దగు సంరక్షణ చేయుటకు స్టెబ్బింగ్ అను పనివానిని నాయకుడు తన జీతమిచ్చి వెంట దెచ్చుకొనెను.

గృహిణుల కుపయోగించు సంగతి యొకటి. 74 మందికి ఆ చిన్న యోడలో వంట యెట్లు? అడుగుతట్టున నిప్పు కనబడని కొత్తరకపు ఇనుపపొయ్యి నమర్చిరి. దానికి రొట్టె కాల్చు గూడును గలదు. గాలి యెంత వీచినను నిప్పురవ్వలు లేచునను భయము లేదు. ఆరువేలకు దగ్గరగా తగరపుడబ్బాలలో మాంసమును, కూరలను, చారును నిలువచేసికొనిరి. చిగుళ్లు వాచి రక్తము గారు నావికుల జాడ్యము రాకుండ నిమ్మరసము, ఊరుగాయలు, ఎండబెట్టిన ఆపిలుపండ్ల ముక్కలు పుష్కలముగా నుంచిరి. స్టోక్స్ నాటి తిండి కష్టములు తెలిసినవాడు గనుక ఫిట్జ్‌రాయ్ ఈ విషయమున పిసినితనము చూపలేదు. డార్విన్ పండుకొనుటకు వెనుకగదిలో పటములు గీయు బల్లపై నొక యుయ్యెలపడక గట్టిరి. ఆయన పొడగరి. కాళ్లు చాచుటకు జాగాలేక రాత్రి కొక సొరుగును లాగివేసి, ఆ సందులో పాదములు పెట్టుకొని నిద్రించెడివాడు. సముద్రపు తలతిరుగుడు మాత్ర మైదేండ్లును ఆయనను విడువలేదు.

పుణ్యాత్ము లనేకులు ఆ మువ్వురికి కాపురపు సామాను బహూకరించిరి. గాజు మద్యపాత్రలు, తేనీటి పళ్లెములు, చారుపోయు పింగాణి గిన్నెలు, అద్దముగల మహాగని పెట్టె, సన్నని తెల్లని వస్త్రములు! బెరడుదోనెలో గాపురముండు వారికి! ఇచ్చినవారి మనస్సు మంచిదే. కాని ఒక్కరైనను ఆ దేశపు వంటిల్లెట్లుండు నని విచారింపలేదు. సామానుతోపాటు మాథ్యూస్ అను యువక మతబోధకుడు గూడ వారితో నుండుటకు బయలుదేరెను.

1831 డిసెంబరు 27వ తేదీన తెరచాప లెత్తిరి. మగవారితో నిండిన ఆ తొంబదియడుగుల యోడలో నాడుకూతు రామె యొక్కతెయే. యార్కు ఆమెను తన భార్యగా నేర్పరచుకొని కంటికి రెప్పవలె కాచుచుండెను. ఎవరైన నామెతో మాటాడిన మొగము చిట్లించుకొనెడివాడు. ఆమె మాత్రము రియోలోను, మాంటివిడియోలోను కొలదిదినములు ఒడ్డున నున్నంతలో పోర్చుగీసు, స్పానిషు మాటలు నేర్చివేసెను. పదునొకండేండ్లకు నాలుగు భాషలు! నెమ్మదియు సిగ్గును గలిగి, అప్పుడప్పుడు అలిగియుండు పిల్లయని డార్విన్ వ్రాసినాడు. అలుకకు కారణము లేదందుమా?

1833 జనవరి 13న హార్న్ అగ్రము దగ్గర మూడు పెద్దకెరటములు వరుసగా వచ్చి బీగిల్‌ను కొట్టినవి. మూడవదానికి ఓడ యొకప్రక్క కొరగి, ఒక పడవ నీటిపాలై, ఓరతలుపులు తెరచి నీరు వెడలగొట్టిన పిదప మరల లేచి నిలిచినది. పైతట్టెత్తించిన ఖర్చు ఆనాటితో దీరినది.

పిమ్మట నాలుగు పడవలలో సామాను నెక్కించి, జలసంధి గుండ వూలాయా యను చక్కని కోనకు వచ్చిరి. అది జెమీ పుట్టిన చోటు. చుట్టును అడవి, ముందు పచ్చిక, పచ్చికనుండి నీటివరకు వాలు. వేలయేండ్లుగా తిని పారవైచిన గుల్లలు గుట్టలుగా బడి, వానిపై గడ్డి మొలచి, గుండ్రని దిబ్బలు నేటికిని అచ్చట నున్నవి. మూడు గుడిసెలు కట్టిరి. తోట త్రవ్వి విత్తనములు చల్లిరి. దోనెలలో నూరుమందికి పైగా జనులు మూగిరి. జెమీ తన యన్నకంఠమును బహుదూరమునుండియే గుర్తుపట్టెను. కాని వారెదుటికి వచ్చినప్పుడు మాటాడుటకు సొంతభాష నోటికి రాక యింగ్లీషులోను, స్పానిషులోను పలుకరించెను. తల్లి వచ్చి కొడుకును జూచి, మాటలేక, దోనె కట్టుకొనుటకు మరలి పోయెను. ఈ కలయికలో ఆప్యాయత కనబడలేదని ఇంగ్లీషువా రాశ్చర్యపడిరి. కాని ఆ తల్లి కొడుకు పోయినది మొదలు ఓదార్పు లేక యేడ్చి, పడవవారు బిడ్డ నెక్కడనైన దింపిపోయిరేమో యని ప్రతి మూలయు వెదకుచు దిరిగినదని యార్కు ద్వారా తెలిసికొని డార్వినే వ్రాసినాడు. మూడేండ్లు వెదకిన తల్లి పరాయివా రెదుట కౌగిలించుకొని యేడ్వలేదని యామెకు బ్రేమ లేదన వచ్చునా? నలుగురిలో కంటతడి పెట్టని తల్లులు మన యిండ్లలోను గలరు. అచ్చటి స్త్రీలు ఫ్యూజియాను జుట్టుముట్టి మిక్కిలి దయగా జూచిరట.

పదిదినములకే తోట త్రొక్కుడుపడెను. మాథ్యూస్ వస్తువు లొక్కొక్కటే మాయమాయెను. ఇచ్చినగాని కదలమని పగలు రాత్రి గుడిసెచుట్టు మగవారు గూర్చుండి బెదరించిరి. ఆ గొడవలో నాత డాడువారుండు గుడిసెలకు బోయినప్పుడెల్ల, వారు నిప్పుదగ్గర చోటిచ్చి, ఏమియు నడుగక, తినుటకు బెట్టెడివారు. ఫిబ్రవరి 6న తిరిగివచ్చిన ఫిట్జ్‌రాయ్ ఆతని నోడ కెక్కించుకొనిపోయెను. కడమ మువ్వురును అచ్చటనే యుండిరి.

1834 మార్చి 5వ తేదీన బీగిలే స్వయముగా వూలాయా చేరెను. ఒక దోనె వచ్చుచుండెను. అందొకడు ముఖముపై రంగు కడుగుకొనుచుండెను. చిక్కిపోయి, జుట్టు చింపిరిగా, నడుమున గుడ్డపేలికతో నున్న యాతడు జెమీయని దగ్గరకు వచ్చువరకు నెవరును పోల్చలేదు. నాయకునితో గూర్చుండి చాకు, ముల్లుచెంచాలతో మునుపటివలెనే యొద్దికగా భుజించెను. ఇంగ్లండునకు మరల వత్తువా యనిన, రాననెను. సాయంకాలమున దెలిసినది, ఆతనికి బెండ్లి యైనదని. పడుచుభార్య దోనెలో గూర్చుండి, మగనిని మరల గొనిపోవుదురేమో యని యేడ్చుచుండెను. ఆతడు స్నేహితులకు నీటిపిల్లుల చర్మములును, స్వయముగా జేసిన బల్లెపు మొనలును దెచ్చి యిచ్చెను. ఓడ కదలి పోవునప్పుడు ఒడ్డున నొక మంట వేసెను. ఆ పొగ చాలసేపు కనబడెను. యార్కు మాత్ర మంతకు మునుపే జెమీ వస్తువు లన్నియు రాత్రివేళ మూటగట్టుకొని, ఫ్యూజియాతో తన పడమటి దీవులకు బోయియుండెను.

తక్కిన యాత్ర సుప్రసిద్ధము. చిలీ భూకంపము, గాలపాగస్ దీవులు, తాహితి, ఆస్ట్రేలియా చూచుకొని 1836 అక్టోబరు 2న ఓడ ఇంగ్లండు చేరెను. 1837 మొదలు 1843 వరకు మూడవసారి ఆస్ట్రేలియా తీరములను గొలిచినది. ఉత్తరతీరమున నొక రేవునకు పాతమిత్రుని జ్ఞాపకార్థము డార్విన్ పేరు పెట్టినదియు నీ యోడవారే. ఫిట్జ్‌రాయ్ తరువాత న్యూజిలండునకు గవర్నరై, పిమ్మట తుపానుల హెచ్చరికలు పంపు శాఖను స్థాపించి యెందరో జాలరుల ప్రాణములు కాపాడి, 1865లో తన చేతులతోనే ప్రాణము దీసికొనెను. తనకు ముందు ఆ గదిలో నున్న స్టోక్స్ మరణము ఆయనను జీవితమంతయు వెన్నాడినది.

ముసలిదైన బీగిల్‌కు 1845లో కొయ్యస్తంభములు దీసివేసి, ఎసెక్స్ జిల్లాలో రోచ్ నదిమీద పాగిల్‌షామ్ పల్లె దగ్గర కావలిపడవగా నిలిపిరి. సుంకము లేని సరుకులు దొంగతనముగా దింపువారిని కనిపెట్టుట దాని పని. కావలివారు భార్యాబిడ్డలతో నోడలోనే నివసించిరి. డార్విన్ కాళ్లుచాచ చోటులేక యిబ్బందిపడిన యోడలో పొయ్యిలు, ఉయ్యెలలు, ఆరవేసిన బట్టలు! ఓడ అడ్డమని ముత్యపుచిప్ప జాతి గుల్లలు పెంచువారు మొరపెట్టుకొనగా, 1851లో దానిని నదినడుమనుండి యొడ్డునకు జేర్చిరి. తరువాత పేరు గూడ దీసివేసి యేడవ సంఖ్య కావలిపడవ యనిరి. 1870లో 525 పౌనులకు పాతకలప క్రింద నమ్మివేసిరి. ఆ బురదలో దాని రేవుగుంట జాడను ఇటీవలి పరిశోధకులు కనుగొన్నారు.

ఓడ పోయిన మూడేండ్లకు, 1873లో, ఉషుఆయాలో నున్న బ్రిడ్జెస్ వద్దకు పడమటి దీవులనుండి వచ్చిన దోనెలో నొక స్త్రీ వచ్చినది. వయస్సు ఏబదికి పైబడినది. పొట్టిది, బలిష్ఠురాలు, పండ్లు కొన్ని రాలినవి. యార్కు ఎప్పుడో పగవారిచేత జచ్చినాడు. ఆమెకు రెండవ భర్త గలడు, అతనికి పదునెనిమిదేండ్లు. లండను జ్ఞాపకమున్నదా యనిన నున్నదనెను. తన్ను జూచుకొన్న గురుపత్ని పేరు చెప్పెను. నాయకుని పేరు చెప్పెను. ఓడ పేరు చెప్పెను. కత్తి, ముల్లుచెంచా, పూసలు అను మాటలు మాత్రము ఇంగ్లీషులో పలికెను. కుర్చీ చూపగా దానిపై గూర్చుండక ప్రక్కనే నేలపై గొంతుకూర్చుండెను. తనకు బిడ్డ లిద్దరని చెప్పెను.

1883లో బ్రిడ్జెస్ పడమటి దీవులకు బోయినప్పుడు ఆమెను మరల జూచెను. ఆమె మిక్కిలి బలహీనముగా నుండెను. ఆయన కొంతసేపు దగ్గర గూర్చుండి మాటాడి, దోనె యెక్కి వచ్చెను. అటుపిమ్మట నామెను జూడలేదు.